అమరావతి తస్వీర్లు, మూరత్ బక్స్ కలం

సత్తెనపల్లి నుంచి అమరావతి బస్సెక్కే మన పిల్లల్ని అక్కడ ఏముందని అడిగి చూడండి. ధ్యానబుద్ధుడి విగ్రహం అంటారు, అమరేశ్వరుడి గుడి అంటారు. అందులో మనదేముందని అడిగితే భుజాలెగరేస్తారు. పెద్దవాళ్ల జవాబు కూడా అంతకన్నా మెరుగేం కాదు. నేను చదివిన ఉర్దూ మీడియం బళ్లో తారీఖ్ అంటే ఢిల్లీ, దక్కన్. ఒకప్పుడు మన సత్తెనపల్లి తాలూకాలోనే ఉన్న అమరావతి గురించి ఉస్తాద్ ఒక్క మాట చెప్పిన గుర్తు లేదు.

దాస్తాన్ 18వ శతాబ్దం చివర మొదలవుతుంది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తున్నాడు. రాళ్లు కావాలి. దగ్గర్లోని దీపాలదిన్నెను తవ్వితే చెక్కిన పలకలు బయటపడ్డాయి. అది బౌద్ధుల మహాస్తూపమని అప్పుడెవరికీ తెలియదు. ఖబర్ విని కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చాడు, చూశాడు, వెళ్లాడు. మళ్లీ 1816లో మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి దిబ్బ నడుమంతా తవ్వేసి ఉంది. మిగిలిన పలకల్ని కాగితం మీదకు ఎక్కించమని తన నక్షా గీసేవాళ్లకు చెప్పాడు.

కెమెరా అప్పటికి పుట్టలేదు. దగేర్ తన పద్ధతిని లోకానికి చూపింది 1839లో. కాబట్టి అమరావతి మొదటి తస్వీర్లు కలం, సిరా, కంటిచూపు. ఆ ఆల్బమ్ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. గీసినవాళ్ల పేర్లలో న్యూమన్, హామిల్టన్ లాంటి దొరల పేర్ల మధ్య ప్యారీ లాల్ ఉన్నాడు, మూరత్ బక్స్ ఉన్నాడు.

మూరత్ బక్స్! నా అందాజ్ ప్రకారం అసలు పేరు మురాద్ బఖ్ష్ అయి ఉంటుంది, ఇంగ్లీషు గుమాస్తా చెవికి అలా వినిపించి ఉంటుంది. తమాషా ఏమిటంటే మన జబాన్‌లో 'మూరత్' అంటే బొమ్మే. ఇతను 1816-17లో గీసిన పలకల బొమ్మలు చూస్తే ఆ హునర్ తెలుస్తుంది. పలక పగిలితే పగిలినట్టే గీశాడు, లేనిదాన్ని ఊహించి అతికించలేదు. విలేకరిగా నాకు ఆ ఈమాన్‌దారీ మీద మోజు. తన మజహబ్ కాని రాయిని అంత ఓపిగ్గా, అంత అదబ్‌తో చూసినవాడు మన పేరున్నవాడేనని పిల్లలకు చెప్పాలా వద్దా?

కెమెరా వంతు తర్వాత వచ్చింది. 1845లో వాల్టర్ ఇలియట్ దిబ్బను మళ్లీ తవ్వించి పలకల్ని మద్రాసుకు పంపాడు. అవి అక్కడ ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉన్నాయి. చివరికి మ్యూజియం అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్ వాటి బాగోగులు పట్టించుకున్నాడు. మద్రాసులో ముస్లింల కోసం 1850లో ఒక పబ్లిక్ లైబ్రరీ పెట్టించిందీ ఈ బాల్ఫోరే. 1858లో ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ కెప్టెన్ లినేయస్ ట్రైప్ ఆ పలకల్ని ఫొటోలు తీశాడు. ఒక్కో ఫొటోలో కొన్ని పలకల్ని కలిపి పేర్చారు. వాటికి 'ఇలియట్ మార్బుల్స్' అని పేరు పెట్టారు. నిజానికి అది పాలరాయి కాదు, మన పల్నాడు సున్నపురాయి. పేరు కూడా తవ్వించినవాడిదే, తవ్వినవాడిది కాదు. మరుసటి ఏడాది నూటికి పైగా రాళ్లు ఓడెక్కి లండన్ చేరాయి. 1860లో గవర్నర్ ట్రెవెలియన్ ఖర్చు దండగని ట్రైప్ ఫొటో శాఖనే మూయించాడు.

లండన్‌లో వాటిని పట్టించుకున్నవాళ్లూ తక్కువే. 1867లో పారిస్ ఎగ్జిబిషన్ కోసం భారతీయ కట్టడాల ఫొటోలు పోగుచేస్తున్న జేమ్స్ ఫెర్గూసన్‌కు ఫైఫ్ హౌస్ బండ్ల కొట్టంలో అమరావతి రాళ్లు కనిపించాయి. వాటిని ఫొటోలు తీయించి మరుసటి ఏడాది పెద్ద కితాబ్ అచ్చువేశాడు. అలా ఫొటో పుణ్యమా అని మన రాయికి దునియాలో ఇజ్జత్ దక్కింది.

ట్రైప్ ఫొటోల్లో మనుషులు లేరు. ఆ బరువైన పలకల్ని దిబ్బలోంచి పైకెత్తిన కూలీలు, రేవు దాకా లాగిన బండివాళ్లు ఎవరూ లేరు. వాళ్లలో మన తాతలూ ఉండి ఉండొచ్చు, మాలమాదిగల తాతలూ ఉండి ఉండొచ్చు.

ఇప్పుడు ఆ రాళ్లలో కొన్ని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని చెన్నై ఎగ్మూరులో ఉన్నాయి. మెకంజీ మనుషులు గీసిన పలకల్లో కొన్ని మాత్రం ఈ రెండు చోట్లా లేవు, అమరావతిలోనూ లేవు. అవి మిగిలింది కాగితం మీదే.