ఏ ఆట అన్నిటికంటే కష్టం? - ఒక వాదన చరిత్ర

ఈ వాదన మీరు హాస్టల్ వరండాలోనో, కాలేజీ క్యాంటీన్‌లోనో వినే ఉంటారు. తొంభై నిమిషాలు మైదానమంతా పరుగెత్తాలి కాబట్టి తన ఆటే కష్టమంటాడు ఫుట్‌బాల్ ఆడేవాడు. మూడు నిమిషాల రౌండు ఒక్కటి నిలబడి చూపించమంటాడు బాక్సర్. కబడ్డీ ఆడేవాడు, ఊపిరి బిగబట్టి ఏడుగురి మధ్యకు వెళ్ళి రమ్మంటాడు. సాయంత్రం గడిచిపోతుంది గాని వాదన తెగదు. ముగ్గురి దగ్గరా మూడు కొలబద్దలు ఉన్నాయి మరి. ఆ కొలబద్దలు ఎప్పుడు, ఎలా పుట్టాయో, వాటితో ఎవరు ఎవరిని కొలిచారో ఈ పాఠంలో చూద్దాం.

మొట్టమొదటి కొలబద్ద చాలా మోటైనది: మనిషి ఎప్పుడు కూలిపోతాడు అన్నదే లెక్క. 1908లో లండన్ ఒలింపిక్స్ మారథాన్‌ను గుర్తుచేసుకోండి. 42.195 కిలోమీటర్ల దూరం మొదట పరుగెత్తింది ఆ పోటీలోనే. ఇటలీకి చెందిన డొరాండో పియెట్రి అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చాడు. వచ్చాడు గాని, ఎటు తిరగాలో తెలియని స్థితిలో ఉన్నాడు. చివరి మూడు నాలుగు వందల మీటర్లలో అయిదుసార్లు పడిపోయాడు. చూడలేక అధికారులు లేవనెత్తి గీత దాటించారు. ఇతరుల సాయం పొందాడన్న అభ్యంతరంతో అతన్ని తప్పించి, తర్వాత వచ్చిన అమెరికన్ జానీ హేస్‌కు స్వర్ణం ఇచ్చారు. అయినా ఇవాళ లోకానికి గుర్తున్నది పియెట్రి పేరే. అలెగ్జాండ్రా రాణి అతనికి ప్రత్యేకంగా ఒక కప్పు బహూకరించింది. పడిపోయిన మనిషి వీరుడయ్యాడు. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాం.

నాలుగేళ్ళ తర్వాత స్టాక్‌హోమ్‌లో జరిగింది ఇంకా విచిత్రం. 1912 ఒలింపిక్స్ కుస్తీలో రష్యా తరఫున దిగిన మార్టిన్ క్లైన్, ఫిన్లాండ్ పహిల్వాన్ ఆల్‌ఫ్రెడ్ అసికైనెన్ తలపడిన ఒక్క పట్టు 11 గంటల 40 నిమిషాలు సాగింది. క్లైన్ గెలిచాడు, కాని ఒంట్లో శక్తి మిగలక ఆఖరి పోటీకి దిగలేకపోయాడు, రజతంతో సరిపెట్టుకున్నాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో, లండన్‌లో మన గామా పహిల్వాన్, పోలండ్ మల్లుడు జిబిస్కో రెండున్నర గంటలకు పైగా పెనుగులాడారు. జిబిస్కో చాలాసేపు నేలకు కరుచుకుని పడుకోవడంతో ఫలితం తేలలేదు. 1928లో పటియాలాలో వాళ్ళిద్దరూ మళ్ళీ కలిసినప్పుడు గామా ఒక నిమిషం కూడా పట్టకుండా గెలిచాడు. మనుషులు వాళ్ళే, ఆట అదే. మరి కుస్తీ ఎంత కష్టమైన ఆట? ఇవాళ ఒలింపిక్ కుస్తీ మూడేసి నిమిషాల రెండు భాగాలతో ముగుస్తుంది. నన్నడిగితే, ఆట కష్టం సగం నియమాలు రాసేవాళ్ళ కలంలో ఉంటుంది.

ఆ 1912 క్రీడల్లోనే మండుటెండలో మారథాన్ పరుగెత్తుతూ కుప్పకూలిన పోర్చుగల్ యువకుడు ఫ్రాన్సిస్కో లజారో మర్నాడు చనిపోయాడు. కూలిపోవడాన్ని కొలతగా పెట్టుకుంటే దాని చివర ఏముంటుందో అప్పుడు అందరికీ తెలిసింది.

రెండో కొలబద్ద ప్రయోగశాల నుంచి వచ్చింది. ఇంగ్లండ్ శరీరధర్మ శాస్త్రవేత్త ఎ.వి. హిల్ స్వయంగా పరుగుల మనిషి. కండరాలు పుట్టించే వేడిమీద చేసిన పరిశోధనకు 1922 నోబెల్ బహుమతిలో ఆయనకు భాగం దక్కింది. వదిలిన గాలిని పట్టే పెద్ద సంచీని వీపుకు కట్టుకుని, మైదానం చుట్టూ తానే పరుగెత్తి, శరీరం ఎంత ఆక్సిజన్ వాడుకుంటున్నదో ఆయన కొలిచాడు. వేగం పెంచుతుంటే వాడకం పెరుగుతూ పోయింది. నిమిషానికి దాదాపు నాలుగు లీటర్ల దగ్గర ఆగిపోయింది. ఆపైన ఎంత వేగంగా పరుగెత్తినా పెరగలేదు. గుండె, ఊపిరితిత్తులు, నెత్తురు కలిసి ఇంతకు మించి మోయలేవన్న హద్దు అది. హిల్, లప్టన్ ఆ వ్యాసం ప్రచురించింది 1923లో.

ఈ కొలత ప్రకారం ఎవరు గొప్ప? మామూలు యువకుడు కిలో బరువుకు నిమిషానికి 40, 45 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలిగితే, మంచుమీద దూర పరుగుల స్కీయింగ్ చేసేవాళ్ళలో మేటివాళ్ళు 80 దాటుతారు. కాళ్ళు, చేతులు, నడుము అన్నీ ఒకేసారి పనిచేయడం అందుకొక కారణం. బరువుతో భాగించకుండా మొత్తం లీటర్లే లెక్క పెడితే భారీ మనుషులైన రోయింగ్ ఆటగాళ్ళు పోటీకి వస్తారు. చూశారా, భాగహారం చేయడం, మానడం అన్న ఒక్క నిర్ణయంతో జాబితా మారిపోయింది! ఇక మన చెడుగుడు సంగతి. కూతకు వెళ్ళినవాడు ఊపిరి పీల్చకుండా ఉండటమే ఆ ఆట నియమం. అతని మూతికి గొట్టం బిగించి కొలవడం ఎలాగో హిల్‌గారిని అడగవలసిందే.

మూడో కొలబద్ద టెలివిజన్ కాలానిది. 2004లో అమెరికాకు చెందిన ఈఎస్‌పీఎన్ సంస్థ ఎనిమిదిమంది నిపుణులచేత 60 ఆటలకు మార్కులు వేయించింది. ఓర్పు, బలం, వేగం, చురుకుదనం, ధైర్యం వంటి పది గుణాలకు తలా పది మార్కులు. బాక్సింగ్ మొదటిది, ఐస్ హాకీ రెండోది. చేపలు పట్టడం అట్టడుగున. కబడ్డీ, క్రికెట్ ఆ జాబితాలోనే లేవు. ధైర్యం, బుద్ధికుశలత కూడా కలిపి కూడితే అది శరీరశ్రమ కొలత ఎలా అవుతుందో నాకు బోధపడదు గాని, సరదాకు చదువుకోవచ్చు.

ఈ వాదన ఇంతవరకు సరదాగానే ఉంది. ఇప్పుడు 1928కి వెళదాం. ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి మహిళలకు పరుగుపందేలు పెట్టారు. వాటిలో అన్నిటికంటే పొడవైనది 800 మీటర్లు. ఆఖరి పోటీకి తొమ్మిదిమంది దిగారు. జర్మనీకి చెందిన లీనా రాడ్‌కె 2 నిమిషాల 16.8 సెకన్లలో కొత్త ప్రపంచ రికార్డుతో గెలిచింది. జపాన్ అమ్మాయి కినుయె హితోమి రెండో స్థానంలో వచ్చి, తన దేశానికి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళ అయింది. తొమ్మిదిమందీ గీత దాటారు. గీత దాటాక కొందరు అలసి పచ్చికమీద వాలారు. 800 మీటర్లు ప్రాణంపెట్టి పరుగెత్తినవాళ్ళు ఎవరైనా చేసేది అదే కదా.

మర్నాడు పత్రికలు వేరే కథ రాశాయి. కొందరు మధ్యలోనే ఆగిపోయారని, తక్కినవాళ్ళు స్పృహతప్పి పడిపోయారని, ఇది స్త్రీ శరీరం తట్టుకోగల పోటీ కాదని. దాని ఫలితం చూడండి. 1932 నుంచి 1956 వరకు జరిగిన ఒలింపిక్స్‌లో మహిళలకు 200 మీటర్లకు మించిన పరుగే లేదు. 800 మీటర్లు తిరిగి వచ్చింది 1960లో, రోమ్‌లో. అంటే 32 ఏళ్ళు. ఆ మధ్యకాలంలో ఎందరు అమ్మాయిలు తమ శక్తి ఏపాటిదో తెలుసుకోకుండానే వయసు దాటిపోయారో ఊహించండి. హితోమి అయితే 1931లోనే, ఇరవైనాలుగేళ్ళ వయసులో, జబ్బుచేసి కన్నుమూసింది. తాను పతకం గెలిచిన ఆగస్టు 2వ తేదీనే.

పియెట్రి పడిపోతే కప్పు ఇచ్చారు. ఈ అమ్మాయిలు అలసిపోతే తలుపు మూశారు.

మారథాన్ తలుపు ఇంకా ఆలస్యంగా తెరుచుకుంది. 1967లో బోస్టన్ మారథాన్‌లో 261 సంఖ్య తగిలించుకుని పరుగెత్తుతున్న క్యాథరిన్ స్విట్జర్‌ను ఒక నిర్వాహకుడు పట్టుకుని బయటకు నెట్టబోయాడు. ఆమె పరుగు ఆపలేదు. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ 1984లో, లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. అమెరికాకు చెందిన జోన్ బెనాయిట్ గెలిచింది. ఆమె తర్వాత చాలాసేపటికి స్విట్జర్లాండ్‌కు చెందిన గాబ్రియేలా ఆండర్సన్-షీస్ ఎండదెబ్బతో తూలుతూ స్టేడియంలోకి వచ్చింది. ఆఖరి చుట్టుకు ఆమెకు అయిదు నిమిషాలకు పైగా పట్టింది. వైద్యులు పక్కనే నడిచారు. ఆమెకు ఇంకా చెమట పడుతున్నదని గమనించి, ముట్టుకోకుండా ఉండిపోయారు. ముట్టుకుంటే పియెట్రికి పట్టిన గతే ఆమెకూ పట్టేది. 37వ స్థానంలో గీత దాటి వాళ్ళ చేతుల్లోకి ఒరిగిపోయింది. ఈసారి మాత్రం పోటీని ఎవరూ రద్దు చేయలేదు.

వెయిట్‌లిఫ్టింగ్‌లో మహిళలకు ఒలింపిక్ ప్రవేశం 2000లో, సిడ్నీలో దొరికింది. ఇది హిల్ కొలబద్దకు బొత్తిగా అందని ఆట. ఒక ఎత్తు కొన్ని సెకన్ల పని. కండరంలో అప్పటికే దాచి ఉన్న శక్తి ఒక్కసారిగా ఖర్చవుతుంది, ఆక్సిజన్ వచ్చి అందుకునేలోపు అయిపోతుంది. ఆ సెప్టెంబర్ 19న శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. స్వర్ణం, రజతం తీసుకున్న ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలు. స్వర్ణం కోసం ఆమె ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలు పెట్టించుకుంది. అది నిలవలేదు.