ఊపిరిలో ఇసుక

ఆ ఇంజన్ బతకలేదు. ఆ మాట ముందే చెప్పుకోవడం మంచిది. ఎక్కడో ఒకచోట గట్టెక్కుతుందేమోనన్న ఆశతో వింటే చివర్లో దుఃఖం రెట్టింపవుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు కింద, గొలుసుకు వేలాడుతూ అది బండిలోంచి పైకి లేచిన రోజుకే అంతా అయిపోయింది. నిజానికి అంతకు ఎన్నో నెలల ముందే అది పోవడం మొదలుపెట్టింది. ఎవరూ గమనించలేదు, అంతే. ఇది ఏ ఒక్కరి కారు కథో కాదు. అలా దిగిన ఎన్నో ఇంజన్ల కథలు కలిసి ఇక్కడ ఒక్క బండిగా నిలబడ్డాయి.

పోయింది ఎలాంటిదో ముందు చెప్పాలి. 1248 సీసీ, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు. ఇటలీలో పుట్టిన మల్టీజెట్ డీజిల్ ఇంజన్. 2005లో తన తరగతిలో ‘ఇంజన్ ఆఫ్ ది ఇయర్’ గౌరవం అందుకుంది. 2007లో స్విఫ్ట్ డీజిల్‌తో మన వాకిళ్లలోకి వచ్చి, తర్వాత డిజైర్‌లో, రిట్జ్‌లో, పుంటోలో, ఇండికా విస్టాలో కూడా తానే అయి కూర్చుంది. ఇన్ని కంపెనీల బండ్లను లాగినందుకు జనం దాన్ని ముద్దుగా ‘నేషనల్ ఇంజన్’ అన్నారు. పెళ్లివారిని మోసింది, పురిటి నొప్పుల వేళ ఆసుపత్రికి పరిగెత్తింది, టాక్సీగా మారి ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగించిందో లెక్కలేదు. వేళకు ఆయిల్ మార్చి, శుభ్రమైన గాలి ఇస్తే మూడు లక్షల కిలోమీటర్లు దాటినా అలుపెరగని జాతి అది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేసరికి మన కొత్త కార్లలో దాని కాలం ముగిసింది. ఇప్పుడు పోయే ఈ రకం ప్రతి మల్టీజెట్టూ మళ్లీ రాని మల్టీజెట్టే.

అది అడిగింది శుభ్రమైన గాలి ఒక్కటే. నిమిషానికి 2000 చుట్లు తిరిగే వేళ, టర్బో తోపుడు లెక్కలోకి తీసుకోకపోయినా, ఆ చిన్న ఇంజన్ దాదాపు 1200 లీటర్ల గాలిని లోపలికి లాగుతుంది. గంటకు డెబ్బై వేల లీటర్ల పైమాటే. ఆ గాలికీ ఇంజన్‌కూ మధ్య కాపలా కాసింది బానెట్ కింద ఒక నల్ల ప్లాస్టిక్ పెట్టె, దానిలో మడతలు పెట్టిన కాగితం ఫిల్టర్. చూడ్డానికి ఏ అందమూ లేదు. ఏ చప్పుడూ చేయదు. చేయనివ్వదు కూడా. ఆ నిశ్శబ్దమే దాని ప్రాణం మీదికి తెచ్చింది.

బండి యజమాని కుర్రవాడు. చెడ్డవాడు కాదు. ఆ కారంటే ప్రాణం పెట్టేవాడు, ప్రతి ఆదివారం తానే తుడిచి మెరిపించేవాడు. ప్రేమ లేక జరిగిన నాశనమైతే ఇంత బాధ ఉండదు. స్నేహితుడి బండిలో టర్బో ఈల విన్నాడు. తన బండి కూడా అలా ఊపిరి పీలిస్తే వినాలనుకున్నాడు. నూనె పూసిన నూలు గుడ్డతో చేసిన, శంకువు ఆకారపు ఎర్ర ఫిల్టర్ ఒకటి కొని షెడ్డుకు తెచ్చాడు.

“సౌండ్ కోసమైతే వద్దు బాబూ. కంపెనీవాళ్లు ఆ పెట్టెను ఊరికే పెట్టలేదు,” అన్నాడు మేస్త్రి.

“అందరూ వేయించుకుంటున్నారు మేస్త్రీ. పికప్ కూడా పెరుగుతుందట.”

మేస్త్రి ఇంకొక్క మాట అని ఉంటే! కంప్యూటర్ పోసే డీజిల్ పెరగకుండా గాలి ఎంత పెరిగినా బలం పెద్దగా పెరగదని, పైగా మూతలేని ఆ ఫిల్టర్ బానెట్ కింద సలసలమనే వేడిగాలినే పీలుస్తుందని చెప్పి ఉంటే! చెప్పలేదు. బేరం పోగొట్టుకోవడం ఎవరికిష్టం? పాత పెట్టె ఇంటి అటక ఎక్కింది. మొదటి మలుపు అక్కడే చేజారింది.

ఆ సాయంత్రం ఈల వినిపించింది. కుర్రవాడి ముఖం వెలిగిపోయింది. ఆ ఆనందాన్ని తలచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

అతను రోజూ తిరిగే దారి ఇబ్రహీంపట్నం వైపు. థర్మల్ కేంద్రం బూడిద లారీలు, కంకర టిప్పర్లు, ఎండాకాలం రోడ్డు అంచున లేచే ఎర్ర దుమ్ము. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది. అది మామూలు ఇనుముకన్నా గట్టిది. పెద్ద రేణువులను ఏ ఫిల్టరైనా ఆపుతుంది. ప్రాణం తీసేవి 5 నుంచి 20 మైక్రాన్ల సన్నటి రేణువులు. వెంట్రుక మందం వాటికి కొన్ని రెట్లు. పిస్టన్ రింగుకూ సిలిండర్ గోడకూ మధ్య నూనె పొర కొన్ని మైక్రాన్లే ఉంటుంది. ఆ సన్నటి రేణువులు సరిగ్గా ఆ సందులోనే చేరతాయి. చేరి, పిస్టన్ కదిలిన ప్రతిసారీ సానరాయిలా గోడను అరగదీస్తాయి.

అయినా అప్పటికి ఇంకా సమయం ఉంది. నూలు ఫిల్టర్ అయినా, అంచు బిగుతుగా కూర్చుని, నూనె సరిపడా ఉంటే చాలావరకు దుమ్మును పట్టేది. వానాకాలం ముందు కుర్రవాడు దాన్ని తానే కడిగాడు. బాగా ఆరకముందే నూనె పూశాడు, ఎక్కువే పూశాడు. తిరిగి బిగించేటప్పుడు రబ్బరు గొట్టం మీది క్లాంపు ఒక పక్కకు జరిగింది. గోరు పట్టేంత సందు. ఆ సందు ఉన్నది ఫిల్టర్ దాటాక. అక్కడి నుంచి లోపలికి వెళ్లే గాలిని ఆపేవాళ్లెవరూ లేరు. ఆ రోజు వెనక నిలబడి ఎవరైనా “ఇంకో చుట్టు బిగించు నాయనా” అని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఎక్కువైన నూనె తేమ వెళ్లి, గాలిని కొలిచే సెన్సర్ మీద పేరుకుంది. లెక్క తప్పింది. బండి ఎక్కడానికి బద్ధకించింది. నల్లపొగ వచ్చింది. అది బండి పెట్టిన మొదటి మొర. షెడ్డులో సెన్సర్ మార్చారు, డబ్బు తీసుకున్నారు, పంపేశారు. అదెందుకు మురికైందని ఎవరూ అడగలేదు. ఫిల్టర్ దాటిన పైపులో ఒక్క తెల్లగుడ్డ పెట్టి తుడిచి ఉంటే గరుకుగా మట్టి అంటేది. అర నిమిషం పని.

ఆ తర్వాత జరిగిందంతా జారుడే. దుమ్ము ముందు టర్బో రెక్కల అంచులను కొరికింది. తర్వాత సిలిండర్లలోకి దిగింది. ఇంజన్ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. కుర్రవాడు డిక్కీలో డబ్బా పెట్టుకుని తగ్గినప్పుడల్లా పోశాడు. “పాతబడింది కదా” అనుకున్నాడు. పాతబడలేదు. అది ఇంకా సగం ఆయుష్షు కూడా చూడలేదు. చలి ఉదయాల్లో స్టార్ట్ కావడానికి మూలిగింది. ఆయిల్ మూత తీస్తే గుప్పున పొగ కొట్టింది. సిలిండర్ వాయువులు రింగులు దాటి కిందికి దిగుతున్నాయని, అంటే బ్యాక్ కంప్రెషన్ వచ్చేసిందని, తెలిసిన చెవికి అర్థమయ్యేది. అతనికి మాత్రం ఇంకా ఆ ఈలే వినిపించేది.

ఇంజన్ దింపారు. హెడ్ విప్పారు. కొత్తలో సిలిండర్ గోడల మీద అడ్డదిడ్డంగా సన్నటి హోనింగ్ గీతలు ఉంటాయి. నూనెను పట్టి ఉంచేవి అవే. అవేవీ లేవు. గోడలు అద్దంలా మెరుస్తున్నాయి. అంత మెరుపు అక్కడ ఉండకూడదు. పైఅంచు దగ్గర మేస్త్రి గోరు పెట్టి గీశాడు. గట్టు తగిలింది.

“బోర్లు అరిగిపోయాయి బాబూ. రింగులతో పోదు.”

బోరింగ్, పిస్టన్లు, టర్బో, అన్నీ కలిపి చెప్పిన ఖర్చు ఆ బండి ధరను మించింది. ఇంజన్ తుక్కుకు వెళ్లింది. ఎర్ర ఫిల్టర్‌ను విప్పి పక్కన పెట్టారు. దానికి మాత్రం ఏమీ కాలేదు.

బయట కొన్న ఫిల్టర్లన్నీ హంతకులు కావు. ఈ మాట చెప్పకపోతే పోయినదానికీ న్యాయం జరగదు. కంపెనీ పెట్టెలోనే సరిగ్గా కూర్చునే రకాన్ని, ఎంత దుమ్మును ఆపుతుందో ఐఎస్ఓ 5011 పరీక్షతో తేల్చి చెప్పినదాన్ని ఎంచుకుని, శ్రద్ధగా చూసుకునేవారి ఇంజన్లు హాయిగా ఉన్నాయి. పాత కాగితం ఫిల్టర్‌కూ ఒక గుణం ఉంది: కొంచెం దుమ్ము పట్టాక అది కొత్తదానికన్నా బాగా వడపోస్తుంది. మురికిగా కనబడిన రోజున అది తన పనిని ఇంకా బాగా చేస్తోందని మనకు తట్టదు. మన ఇంజన్‌ను తీసుకుపోయింది ఒక్క వస్తువు కాదు. మితిమీరిన నూనె, బిగించని క్లాంపు, అడగని ప్రశ్న, వినని మొర. వాటిలో ఏ ఒక్కటి తప్పినా అది ఈ రోజుకీ తిరుగుతుండేది.

దాని తోబుట్టువులు ఇంకా మన రోడ్ల మీద ఉన్నాయి. మీ ఇంట్లో ఒకటి ఉంటే, దానికి ఇలాంటి ఫిల్టర్ తగిలించి ఉంటే, రేపే బానెట్ ఎత్తండి. ఫిల్టర్ తర్వాతి పైపును తెల్లగుడ్డతో తుడిచి వేళ్ల మధ్య నలిపి చూడండి. నునుపుగా ఉంటే సంతోషం. గరుకు తగిలితే అటక మీది పెట్టెను ఆ రోజే కిందికి దించండి. మీ ఇంజన్‌కు ఇంకా వ్యవధి ఉంది.