థామస్ మోరెల్

థామస్ మోరెల్ (మార్చి 18, 1703 - ఫిబ్రవరి 19, 1784) ఇంగ్లండుకు చెందిన ఆంగ్లికన్ మతగురువు, గ్రీకు పండితుడు. సంగీతకర్త జార్జ్ ఫ్రిడెరిక్ హాండెల్ చివరి ఒరటోరియోలకు సాహిత్యం సమకూర్చినవానిగా ప్రసిద్ధుడు. వేషాలు, రంగాలంకరణ లేకుండా గాయకులు, వాద్యబృందం కలసి వినిపించే కథాత్మక సంగీత రచనను ఒరటోరియో అంటారు.

జీవిత విశేషాలు

మోరెల్ ఈటన్‌లో జన్మించాడు. ఈటన్ పాఠశాలలోను, కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలోను విద్యాభ్యాసం చేశాడు. 1737లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని బక్లాండ్ చర్చికి మతగురువుగా నియమితుడయ్యాడు. 1768లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. చిత్రకారుడు విలియం హోగార్త్ ఇతని మిత్రుడు. 1762లో గ్రీకు కవిత్వానికి సంబంధించిన నిఘంటువును ప్రచురించాడు. ఇతని సమాధి చిస్విక్‌లో ఉన్నది.

హాండెల్‌తో సాహచర్యం

యువరాజు ఫ్రెడరిక్ సిఫారసుతో హాండెల్ తన వద్దకు వచ్చాడని మోరెల్ తరువాత ఒక లేఖలో వ్రాశాడు. వీరి తొలి కృతి "జూడాస్ మక్కబేయస్". 1746లో కలోడెన్ యుద్ధంలో తిరుగుబాటుదారులను ఓడించిన కంబర్లాండ్ డ్యూక్‌కు దీనిని అంకితమిచ్చారు. 1747 ఏప్రిల్ 1న లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో తొలిసారి ప్రదర్శించగా విశేషాదరణ లభించింది.

ఇతర ఒరటోరియోలు:
* అలెగ్జాండర్ బేలస్ (1748)
* థియోడోరా (1750)
* జెఫ్తా (1752)

క్రైస్తవ హతసాక్షి కథయైన "థియోడోరా"ను శ్రోతలు ఆదరించలేదు. అయినను హాండెల్‌కు తన ఒరటోరియోలన్నింటిలో ఇదే ప్రియమైనదని మోరెల్ పేర్కొన్నాడు. 1996లో గ్లైండ్‌బోర్న్‌లో పీటర్ సెల్లర్స్ దర్శకత్వంలో జరిగిన ప్రదర్శన దీనికి మరల పేరు తెచ్చినది.

జెఫ్తా

దీని కథ బైబిలులోని న్యాయాధిపతుల గ్రంథము 11వ అధ్యాయము నుండి గ్రహింపబడినది. యుద్ధంలో గెలిస్తే, ఇంటికి తిరిగి వచ్చినపుడు తనకు ఎదురుగా వచ్చినదానిని దేవునికి బలి ఇస్తానని యెఫ్తా మొక్కుకొంటాడు. ఎదురువచ్చినది అతని ఏకైక కుమార్తె. తండ్రి తన మొక్కుబడి ప్రకారమే చేశాడని మూలంలో ఉన్నది. మోరెల్ ఈ ముగింపును మార్చాడు. దేవదూత ప్రత్యక్షమై బలిని ఆపగా, ఆమె ఆజన్మ కన్యగా దైవసేవకు అంకితమవుతుంది.

దైవనిర్ణయాలు మానవునికి అంతుపట్టవని విలపించే బృందగానాన్ని కూర్చుతూ, 1751 ఫిబ్రవరి 13న, ఎడమ కంటి చూపు క్షీణించుటచే హాండెల్ పని ఆపవలసి వచ్చినది. ఆ సంగతిని వ్రాతప్రతిలోనే జర్మన్ భాషలో గుర్తుపెట్టుకొన్నాడు. ఆ గానం చివర, దేవుడు విధించినది న్యాయమే అన్న భావంతో మోరెల్ వ్రాసిన మాటలను తొలగించి, ఉన్నదంతా సరియైనదే అన్న అర్థమిచ్చే అలెగ్జాండర్ పోప్ పలుకులను చేర్చాడు. ఆ సంవత్సరమే ఆగస్టులో రచన పూర్తిచేశాడు. హాండెల్ పూర్తిగా కొత్తగా కూర్చిన ఒరటోరియోలలో ఇదే చివరిది.