వెలుగుకై వేచిన ఫలకము

పారిసు నగరములోని బూలవార్ ద్యు తాంప్ల్ అను రాజవీధి 1838లో నాటకశాలలతోను, బండ్లతోను, జనసమ్మర్దముతోను కిటకిటలాడుచుండెడిది. ఆ యేడు లూయీ దగేర్ అను చిత్రకారుడు మేడమీది కిటికీనుండి ఆ వీధిని వెండిపూతగల రాగిరేకుపై చిత్రించెను. ఇండ్ల కప్పులు, పొగగొట్టములు, చెట్ల వరుసలు అందు చక్కగా పడినవి. గుఱ్ఱము లేదు, బండి లేదు, జనము లేరు. ఒక మూలను మాత్రము ఒక మనుష్యుడు కాలెత్తి నిలిచియున్నాడు. అతడు బూట్లకు మెరుగు పెట్టించుకొనుచుండెను. రేకునకు వెలుగు తగులుచున్న ఆ కొన్ని నిమిషములు ఇంచుమించు కదలక నిలిచినందున అతని రూపము దక్కినది. ఛాయాచిత్రములో మొట్టమొదట కనబడిన మానవుడు ఇతడే యందురు. రాజు కాడు, సేనాని కాడు; పేరైనను తెలియదు. మెరుగుపెట్టువాని యాకారము కొంత మసకగా నున్నది. అతని చేతులు పనిలో నుండెను గదా!

తంతివార్తా యంత్రముచేత ప్రసిద్ధుడైన సామ్యుయెల్ మోర్సు 1839లో పారిసులో ఈ చిత్రమును చూచి, నిత్యము క్రిక్కిరిసియుండు వీధి ఇందు శూన్యముగా నున్నదని స్వదేశమునకు వ్రాసెను. ఇందలి కారణము సులభమే. ఫలకముపై వెలుగు, కుండలో చుక్కచుక్కగా నీరు చేరినట్లు, కూడవలెను. నిలిచిన వస్తువు ఒకేచోట చుక్కలు రాల్చును. నడచిపోవువాడు చోటికొక చుక్క రాల్చి సాగిపోవుటచేత ఎచ్చటను రూపము కట్టదు. దగేర్ కంటె ముందు, 1827 ప్రాంతమున, నియెప్సు తన యింటి కిటికీనుండి తీసిన చిత్రమునకు కనీసము ఎనిమిది గంటలు పట్టెనందురు. కొన్నిదినములే పట్టియుండునని కొందరి యభిప్రాయము. సూర్యుడు తూర్పునుండి పడమటికి తిరిగినందున అందు ఎదురెదురు గోడలు రెండును వెలిగియున్నవి.

ఆనాడు ఈ ఆలస్యము లోపమనియే యెంచబడినది. ఛాయాచిత్రశాలలలో కూర్చున్నవారి తల కదలకుండ వెనుకనుండి ఇనుప ఊత పెట్టుచుండిరి. రసాయనములు మెరుగుపడి నిమిషములు క్షణములైనవి. ఇక దీర్ఘకాలముతో పనియేమి యని తోచవచ్చును. పని ఆకాశమునందు పడినది.

మన కన్ను వెలుగును కూడబెట్టలేదు. గంటసేపు చూచినను మసకతార మసకతారయే. ఫలకము అట్లుగాదు. 1880లో అమెరికాలో హెన్రీ డ్రేపరు మృగశిరలోని నీహారికను 51 నిమిషములు చిత్రించెను. 1883లో ఇంగ్లండులో కామన్ తీసిన చిత్రమున, దూరదర్శినిలో కంటికి ఆనని తారలు సైతము పడినవి. మందగతి అను లోపము నాటినుండి గుణమైనది. ఛాయాచిత్ర చరిత్రలో ఇంతటి మలుపు మరియొకటి లేదని నా నమ్మకము.

1887లో పారిసులో సమావేశమైన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఆకాశమంతటిని ఫలకములపై కెక్కింప సంకల్పించి, వేధశాలలకు భాగములు పంచిరి. చిలీ దేశపు సాంటియాగో చేయలేకపోయిన భాగము మన హైదరాబాదునకు వచ్చినది. 1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల ఎనిమిది అంగుళముల దూరదర్శినితో దక్షిణ క్రాంతి 17 మొదలు 23 అంశలవరకు గల తారలను చిత్రించి, కొలిచి, పట్టికలుగా ప్రకటించెను. భూమి తిరుగుచుండును గనుక గడియారపు యంత్రము దూరదర్శినిని త్రిప్పుచుండును; ఐనను అది తప్పకుండ ఒకరు గురుతుతారను దారపు గీతపై నిలుపుచు కనిపెట్టియుండవలెను. రాత్రి చలిలో ఆ కాపలా కాచినవారి పేర్లు పట్టికలలో వెదకినను అన్నియు దొరకవు. వారి శ్రమ వృథా పోలేదు. 2000లో వెలువడిన టైకో-2 అను పట్టికలో ఇరువదియైదు లక్షల తారల చలనమును నిర్ణయించుటకు, ఉపగ్రహపు కొలతలతోపాటు ఆ పాత ఫలకముల కొలతలును అక్కరకు వచ్చినవి.

ఇప్పటి డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో ఫలకమునకు బదులు విద్యుత్ గ్రాహకము కలదు. ఫిలిము దీర్ఘకాలములో అలసి, రెట్టింపు కాలమునకు రెట్టింపు ఫలమీయదు. గ్రాహకమునకు ఆ అలసట లేదు, కాని వేడెక్కి లేని చుక్కలను పుట్టించును. అందుచేత కెమెరా తన తలుపు మూసికొని, అంతే కాలము చీకటిని చిత్రించి, ఆ చుక్కలను అసలు చిత్రమునుండి తీసివేయును. వేలు తగిలి కదలకుండ దూరమునుండి మీట నొక్కుదురు. లోపలి అద్దమును ముందే పైకెత్తి యుంచుదురు. వెలుగును వేయింట ఒక వంతునకు తగ్గించు నల్లని అద్దము తగిలించినచో, సెకనులో పదునైదవ వంతు చాలుచోట నిమిషమునకు పైగా పట్టును. దీనితో జలపాతములను పాలనురుగుగా చూపుట నేడు వేడుకైనది. ప్రతి జలపాతమునకు ఆ వేషమే వేయనక్కరలేదు.

సాయంకాలము చార్మినారు ఎదుట ముక్కాలిపీటపై కెమెరా నిలిపి రెండు నిమిషములు తలుపు తెరచియుంచినచో, నడచువారు మాయమగుదురు. దీపములతో పోవు బండ్లు ఎఱ్ఱని చారలగును. గాజుల అంగడిముందు బేరమాడుచు కదలక నిలిచినవారు మాత్రము పడుదురు.