మన డెల్టాలో గ్రంథాలయం చేసిన పని

గ్రంథాలయం అనగానే మనలో చాలామందికి దినపత్రికలు పరిచిన పొడవాటి బల్ల, అట్టలు ఊడిన నవలలు, పోటీ పరీక్షల పుస్తకాలు గుర్తుకొస్తాయి. మన ప్రాంతంలో గ్రంథాలయోద్యమం మాత్రం ఇంతకంటే పెద్ద పని పెట్టుకుని మొదలైంది. శాస్త్రం, వ్యవసాయం, వర్తకం, చేతివృత్తులు... బతుకుకు అక్కరకొచ్చే జ్ఞానాన్ని తెలుగులో జనం దగ్గరికి చేర్చాలన్నది ఆనాటి పెద్దల ఉద్దేశం. చదవగలిగినవారికి పుస్తకం, చదవలేనివారికి ఉపన్యాసం.

ముందుగా పుస్తకాల సంగతి. శాస్త్ర విషయాలు ఇంగ్లీషులో తప్ప దొరకని రోజుల్లో, 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడింది. దానికి ప్రాణం పోసిన కొమర్రాజు లక్ష్మణరావు గారిది మన పాత కృష్ణా జిల్లాలోని పెనుగంచిప్రోలు. చరిత్రతోపాటు జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం వంటి విషయాల మీద ఆ మండలి తెలుగులో పుస్తకాలు వేసింది. ఊళ్లలో వెలసిన గ్రంథాలయాలకు అలాంటి పుస్తకాలు పెద్ద ఆస్తి అయ్యాయి.

ఇక ఉపన్యాసాల బలం చూడాలంటే బందరు వెళ్లాలి. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించి బందరులోనూ మాట్లాడారు. స్వదేశీ అంటే విదేశీ బట్ట మానేయడం ఒక్కటే కాదు, మన చదువు, మన పరిశ్రమ మనమే నిలబెట్టుకోవడమన్న ఆలోచన ఇక్కడ పాతుకుంది. మూడేళ్లు తిరక్కుండానే, 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్ల పూనికతో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. అక్కడ పుస్తకాల చదువుతోపాటు చేతిపనులూ నేర్పారు.

ఆ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసిన పింగళి వెంకయ్య గారు మనకు జెండా ద్వారానే తెలుసు. ఆయన పరిశోధకుడు కూడా. కంబోడియా పత్తి రకం మీద చేసిన కృషికి ‘పత్తి వెంకయ్య’ అనీ, జపాను భాషలో ఉపన్యసించినందుకు ‘జపాన్ వెంకయ్య’ అనీ జనం పిలుచుకున్నారు. జెండా ఆలోచననూ ఆయన గాలిలో వదిలేయలేదు. 1916లో 30 దాకా నమూనాలతో పుస్తకమే అచ్చువేశారు.

వ్యాపారం మాటకొస్తే, వైద్యుడైన పట్టాభి గారు 1923లో ఇదే బందరులో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. చదువు, పత్రిక, ఉపన్యాసం, బ్యాంకు ఒకే ఊళ్లో, ఒకే తరం చేతుల మీదుగా రావడం కాకతాళీయమని నేను అనుకోను.

గ్రంథాలయాలకు సంఘబలం తెచ్చిన అయ్యంకి వెంకటరమణయ్య గారు కూడా బందరు నుంచి ‘ఆంధ్రభారతి’ మాసపత్రిక నడిపినవారే. ఆయన పూనికతో 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది. దాంతో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణకు అవతలి గట్టున, పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద బోటు గ్రంథాలయం నడిపారు. పొలానికి నీళ్లిచ్చిన కాలువే పుస్తకాన్నీ మోసిందన్నమాట.

తర్వాత చట్టాలు వచ్చాయి. 1948 నాటి మద్రాసు చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం గ్రంథాలయానికి ఇంటి పన్ను మీద సెస్సు రూపంలో నిలకడైన ఆదాయం చూపించాయి. భవనాలు, ఉద్యోగులు వచ్చారు. అయితే ఊరి పెద్దలు, ఉపాధ్యాయులు ‘ఇది మన గ్రంథాలయం’ అని పూనుకుని ఉపన్యాసాలు పెట్టించే అలవాటు క్రమంగా సన్నగిల్లింది.

పోయింది ఉపన్యాసమే కదా అనుకుంటే పొరపాటు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో నీరు దాదాపు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. వేలమంది కొట్టుకుపోయారు. తుఫాను అంటే గాలీ వానే అనుకున్నవారికి సముద్రమే లేచి వస్తుందని ఎవరు చెప్పాలి? రేడియో హెచ్చరిక ఒక్క ముక్కలో చెబుతుంది. దాని అర్థం ముందే తెలిసి ఉంటేనే మనిషి ఇల్లు వదిలి కదులుతాడు.

ఈ అవసరం పెద్ద నగరాలకూ ఉంది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 1996లో శాస్త్రం, పరిశ్రమ, వ్యాపారాల కోసమే ప్రత్యేకంగా ఒక గ్రంథాలయం తెరిచింది. 2020లో మూతపడేదాకా అక్కడ చిన్న వ్యాపారి వెళ్లి మార్కెట్ వివరాలు, పేటెంట్లు చూసుకునే వీలు, నిపుణుల ఉపన్యాసాలు వినే వీలు ఉండేవి. మన పెడన కలంకారీ పనివారికి, చిలకలపూడి రోల్డ్ గోల్డ్ చేసేవారికి, కైకలూరు చెరువుల రైతులకు అటువంటి చోటు అక్కర్లేదా? భౌగోళిక గుర్తింపు కోరేవారు ఆ వస్తువు పాత చరిత్రకు ఆధారాలు చూపాలి. పేటెంటు కోరేవారు తమకంటే ముందు ఎవరేం కనిపెట్టారో వెతకాలి. పేటెంట్ల వివరాలు, భారతీయ ప్రమాణాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి. ఎలా వెతకాలో పక్కన కూర్చుని తెలుగులో చూపించే మనిషే కరువు.

ఆ మనుషులు మనమే. యాభై ఏళ్లలో మన బడి నుంచి ఇంజనీర్లు, డాక్టర్లు, బ్యాంకు అధికారులు, వ్యాపారులు ఎందరో బయటికొచ్చారు. నెలకొక ఉపన్యాసం చొప్పున ఏడాదికి కావలసింది 12 మంది. బందరు, గుడివాడ, అవనిగడ్డ గ్రంథాలయాల్లో ఒక్కో అలమర శాస్త్ర, వ్యాపార పుస్తకాలకు కేటాయించమని అడగడం, ఒక కంప్యూటరు సమకూర్చడం మన సంఘానికి మించిన భారం కాదు. రిటైరైన మన గురువులు ముందుంటే పని సగం అయినట్టే.

1919 నవంబరు 14న మద్రాసులో జరిగిన అఖిల భారత గ్రంథాలయ మహాసభకు గుర్తుగా ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుపుకుంటాం. దివిసీమ ఉప్పెన వచ్చిన తేదీ సరిగ్గా ఆ వారంలోనే ఉంది. మన తొలి ఉపన్యాసం ఈ నవంబరు 19న అవనిగడ్డలో, ఉప్పెన ఎందుకు వస్తుంది, ఎలా తప్పుకోవాలి అన్న విషయం మీదే పెట్టుకుందామని మిత్రులకు, గురువులకు నా ప్రతిపాదన.