నొప్పి లేని పుండు.. ఇమ్యూనిటీనే ఏమార్చే పరాన్నజీవి!

ఒంటిపై పుండు వారాలు గడిచినా మానట్లేదా? నొప్పి లేదు కదా అని లైట్ తీసుకోవద్దు. రాజస్థాన్‌లోని బికనీర్ ప్రాంతంలో కనిపించే చర్మ లీష్మేనియాసిస్‌లో పుండు చాలాసార్లు ఇలాగే ఉంటుంది.

శాండ్ ఫ్లై అనే చిన్న ఈగ కుట్టినప్పుడు లీష్మేనియా పరాన్నజీవి చర్మంలోకి చేరుతుంది. క్రిములను మింగి చంపాల్సిన మాక్రోఫేజ్ కణాల్లోనే మకాం వేస్తుంది. జీపీ63 అనే ఎంజైమ్‌తో కణం లోపలి సిగ్నల్స్‌ను దెబ్బతీస్తుంది. టీ-కణాలను రంగంలోకి దింపే ఐఎల్-12 తగ్గిపోతుంది. టీ-కణాల నుంచి ఇంటర్ఫెరాన్ గామా అందితేనే మాక్రోఫేజ్ నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసి పరాన్నజీవిని చంపగలదు. ఆ సిగ్నల్ లేటైతే పుండు ముదురుతుంది.

చాలామందిలో నెలల తర్వాత దానంతటదే మానినా మచ్చ మిగులుతుంది. మనుషులకు ఇంకా టీకా రాలేదు. పుండు నుంచి తీసిన శాంపిల్‌ను మైక్రోస్కోప్‌లో చూసి వ్యాధిని గుర్తిస్తారు. అందుకే మానని పుండును డాక్టర్‌కు చూపించాలి.