కనిపించని కటకటాలు

జంతుప్రదర్శనశాలలో పెద్దపులికీ సింహానికీ ఆవరణ ఎలా కట్టాలన్న విషయంలో రెండు వాదాలు చిరకాలంగా నడుస్తున్నాయి. ఒక వాదం పనిని చూస్తుంది: కడగడానికి, మాంసం వేయడానికి, జబ్బు కనిపెట్టడానికి, మృగం బయటపడకుండా ఆపడానికి అనువుగా ఉంటే చాలు, అడవిలా కనిపించనక్కరలేదంటుంది. రెండో వాదం అనుభూతిని చూస్తుంది: చూడవచ్చినవాడు అడవిలోకే అడుగుపెట్టినట్టు మైమరచిపోవాలంటుంది. ఇది వాస్తుశిల్పుల తగాదా, మనకెందుకు అని కొట్టిపారేయడానికి వీల్లేదు. చూసేవాడికీ చూడబడే ప్రాణికీ మధ్య ఉన్న అధికార సంబంధం ఏ రూపం తొడుక్కుంటుందన్నది ఇక్కడి ప్రశ్న. రూపం మారినంతనే సారం మారినట్టేనా అని సాహిత్యంలో మనం వాదించుకునేదీ ఇదే.

1660లలో 14వ లూయీ వెర్సాయ్‌లో కట్టించిన మృగశాలలో నడుమ ఒక మేడ, దాని చుట్టూ జంతువుల ఆవరణలు ఉండేవి. రాజు ఒక్కచోట నిలబడి అన్నిటినీ చూడవచ్చు. ఫ్రెంచి విప్లవం ఆ రాజరికాన్ని కూల్చింది. వెర్సాయ్‌లో మిగిలిన జంతువులను పారిస్‌లోని వృక్షోద్యానానికి తరలించారు. 1794లో అక్కడ ప్రజల మృగశాల వెలసింది. రాజు ఆస్తి జాతి ఆస్తి అయింది. సింహానికి మాత్రం బోను బోనుగానే మిగిలింది. యజమాని మారడం వేరు, సంబంధం మారడం వేరు.

లండన్‌లో జంతుశాస్త్ర సంఘం 1828లో తెరిచిన ప్రదర్శనశాల సామ్రాజ్యయుగపు బిడ్డ. వలసదేశాల నుంచి పట్టి తెచ్చిన మృగాలను ఊచల వెనుక వరుసగా నిలబెట్టడంలో శాస్త్రం ఎంత ఉందో, జయించినవాడి దర్పం అంత ఉంది. ఆ తర్వాత సూక్ష్మజీవుల గురించిన జ్ఞానం పెరిగింది. క్షయలాంటి రోగాల భయంతో మట్టి, గడ్డి, చెట్టు పోయి సిమెంటు, పింగాణీ పలకలు, నీళ్ళ గొట్టాలు వచ్చాయి. ఈ బోనును తేలిగ్గా తిట్టరాదు. మృగాన్ని ఒక గదిలోకి మళ్ళించి, జారుడు తలుపు దించి, రెండో గది కడిగే పద్ధతి కీపరు ప్రాణాన్ని కాపాడింది, నేటికీ కాపాడుతున్నది. కాని శుభ్రమే జీవితం కాదు. కడిగిన గచ్చుమీద పులి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

ఊచలను తీసేసినవాడు కార్ల్ హేగెన్‌బెక్. హాంబర్గ్‌కు చెందిన జంతువుల వ్యాపారి. 1896లో తన పద్ధతికి పేటెంటు పొంది, 1907లో స్టెల్లింగెన్‌లో తన ఉద్యానాన్ని తెరిచాడు. ముందు నీటిపక్షుల కొలను, దాని వెనుక గడ్డిమేసే జంతువులు, ఆ వెనుక సింహాలు, అన్నిటికీ వెనుక కృత్రిమమైన కొండ. నడుమనున్న కందకాలు చూపరికి కనిపించవు. సింహం ఎంత దూరం దూకగలదో లెక్కగట్టి కందకం తవ్వించాడు. సింహాలకు ఎండా గాలీ దక్కాయి. అది నిజమైన మేలే. కాని అదే హేగెన్‌బెక్ 1870ల నుంచి లాప్‌లాండ్, ఆఫ్రికా, ఆసియా మనుషులను కూడా తెచ్చి టికెట్టు పెట్టి ప్రదర్శించాడు. పిల్లజంతువులను పట్టడానికి తల్లులను చంపే వ్యాపారం ఆ కొండవెనుకే సాగింది. ఊచలు తొలగినా వ్యాపారం తొలగలేదు. పైగా, బంధనం ఉందన్న సంగతే చూపరి కంటినుంచి తప్పుకుంది.

1942లో స్విస్ జంతుశాస్త్రవేత్త హైనీ హెడిగర్ ఈ చర్చను నేలమీదికి తెచ్చాడు. అడవిలో మృగం ఇష్టమొచ్చినట్టు తిరగదు. దానికి దారులు, దాపు, నీటిచోటు, విశ్రాంతిచోటు ఉంటాయి. కనుక ఎంత స్థలం ఇచ్చామన్నదాని కంటే అందులో ఏముందన్నది ముఖ్యమన్నాడు. మొదటిసారిగా ప్రశ్న చూపరి వైపునుంచి మృగం వైపుకు జరిగింది.

సియాటిల్‌లోని వుడ్‌లాండ్ పార్క్ జంతుప్రదర్శనశాల 1976 ప్రణాళికతో మైమరపించే ఆవరణకు పునాది వేసింది. 1979లో అక్కడ గొరిల్లాలకు తెరిచిన ఆవరణ తర్వాతివాటికి నమూనా అయింది. పులులకూ సింహాలకూ అదే సూత్రం పాకింది. చూపరి పైనుంచి గుంటలోకి చూడరాదు, మృగం అతనికి సమానంగానో ఎత్తులోనో ఉండాలి అన్నది వారి సూత్రాల్లో ఒకటి. ఇది ఒప్పుకోదగ్గ మాట. కాని ఈ పద్ధతిలో కట్టిన చాలాచోట్ల చెట్టు మృగానికి అందదు. చుట్టూ కనిపించని విద్యుత్తు తీగ ఉంటుంది. బండ సిమెంటుది. పచ్చదనమంతా చూపరి కంటికే. సురభివారి నాటకంలో మాయాబజారు చూసే ప్రేక్షకుడికి అది తెర అని తెలుసు. ఆ నేర్పుకే చప్పట్లు కొడతాడు. ఇక్కడి ప్రేక్షకుడు అడవినే చూశానని నమ్మి ఇంటికెళతాడు. అసలు అడవి నరికివేతమీద అతనికి రావలసిన కోపం ఈ నమ్మకంలో చల్లారిపోతుంది.

మన దేశానికి కందకం నేరుగా హాంబర్గ్ నుంచే వచ్చింది. 1959లో తెరిచిన ఢిల్లీ ప్రదర్శనశాల రూపకల్పనకు హేగెన్‌బెక్ కుటుంబపువాడినే పిలిపించారు. 2014 సెప్టెంబరులో అక్కడే ఒక యువకుడు తెల్లపులి ఆవరణలో పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. హైదరాబాదులో 1963లో నెహ్రూ జంతుప్రదర్శనశాల తెరిచారు. 1974లో సింహాల సఫారీ వచ్చింది. అక్కడ మనిషే వాహనమనే బోనులో కూర్చుంటాడు. చూడ్డానికి సంబంధం తలకిందులైనట్టే ఉంటుంది. కాని బండి తాళం మనిషి చేతిలో, సింహం గది తాళమూ మనిషి చేతిలోనే.

రెండు వాదాలూ పగటి ఆవరణ గురించే మాట్లాడతాయి. రాత్రి సంగతేమిటి? 1992 నాటి మన నిబంధనల్లో జంట పులులకు పగటి ఆవరణ కనీసం 1000 చదరపు మీటర్లు; పులి రాత్రిగది 2.75 మీటర్ల పొడవు, 1.80 మీటర్ల వెడల్పు. అంటే అయిదు చదరపు మీటర్లు. వేట దండిగా ఉన్న అడవిలోనే ఒక ఆడపులి సుమారు 20 చదరపు కిలోమీటర్లు తిరుగుతుంది; ఆ పగటి ఆవరణ అందులో ఇరవైవేలవ వంతు. చూపరి మైమరచి ఇంటికి వెళ్ళాక, సాయంత్రం నుంచి తెల్లవారేదాకా పులి బతికేది ఊచల గదిలోనే. మైమరపించే అడవి పగటి వేషం. పనివాటపు బోను రాత్రి వాస్తవం. రెండూ శత్రువులు కావు, ఒకే కట్టడానికి ముందూ వెనుకా.

2003లో రోస్ క్లబ్, జార్జియా మేసన్ అనే పరిశోధకులు అడవిలో ఎక్కువ దూరం తిరిగే మాంసాహారులే నిర్బంధంలో ఎక్కువగా పచార్లు చేస్తాయనీ, వాటి పిల్లలే ఎక్కువగా చనిపోతాయనీ చూపించారు. ఆ పచార్లకు సిమెంటు కొండ మందు కాదు. 1970లలో పోర్ట్‌లాండ్‌లో హాల్ మార్కోవిట్జ్ వేసిన బాట మేలు: తిండికోసం జంతువు ఏదో ఒక పని చేయాలి, తన పరిసరాలమీద దానికి కాస్తయినా పట్టుండాలి. ఎక్కడానికి నిజమైన చెట్టు, దాక్కోవడానికి పొద, చూపరి కంటినుంచి తప్పుకునే హక్కు ఉండాలి. ఆ హక్కున్నచోట మన టికెట్టుకు పులి కనిపించకపోవచ్చు. అందుకు మనం సిద్ధపడాలి.

ఒక చిన్న కోరికతో ముగిస్తాను. ఆవరణ ముందు పెట్టే బోర్డుమీద పులి శాస్త్రీయ నామంతోపాటు దాని రాత్రిగది కొలతలు, అందులో అది గడిపే గంటలు కూడా రాయాలి. చదవనేర్చిన ప్రతి పిల్లవాడూ ఆ లెక్క కట్టగలడు.